అవ్వకు అప్పజెప్పిన పాఠాలు

నేను పదో తరగతి తప్పడమూ, మా అవ్వ కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంటికి రావడమూ ఒకే రోజు జరిగాయి. 2005 మే నెల. పొద్దున నాయిన మేడ్చల్ పోయి పేపరు తెచ్చాడు. అందులో నా నంబరు లేదు. మధ్యాహ్నం మళ్లీ నాయినే అవ్వను ఆటోలో తెచ్చి వాకిట్లో దింపాడు. ఎడమ కంటికి పచ్చగుడ్డ కట్టి ఉంది. కుడి కంటికి అంతకుముందు నుంచే మసక. గడపలో కాలు పెడుతూనే "పిల్లది ఏమాయె?" అని అడిగింది. నాయిన పొద్దుటి పేపరును మడిచి గూట్లో పెట్టాడు. ఆ మడత చప్పుడుతోనే అవ్వకు సంగతంతా తెలిసిపోయింది.

మాది గౌడవెల్లి. రైలుపట్టాలకు అవతల రెండు అర్రల రేకుల ఇల్లు. నాయిన గిడియోన్ మేడ్చల్ దగ్గర పైపుల ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసేవాడు. అమ్మ ఎస్తేరు అంగూర్ తోటలో కూలికి పోయేది. అవ్వ ఈదమ్మ నాయినకు తల్లి. ఇంట్లో ఏ మాటైనా ఆమె దగ్గర ఆగి, ఆమె ఊ అంటేనే ముందుకు కదిలేది.

ఆ సాయంత్రమే అవ్వ తేల్చేసింది. రోజీకి, అంటే నాకు, చదువు అచ్చిరాలేదు, షామీర్‌పేటకు కబురు పంపమంది. అక్కడ అవ్వ తమ్ముడు లచ్చయ్య ఉన్నాడు. ఆయన మనవడు వరుసకు నాకు బావ. ట్రాక్టర్లు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. ఇప్పుడు మాట ఖాయం చేసుకుని, పెండ్లి రెండేండ్లు ఆగి చేద్దామని అవ్వ లెక్క. నాయిన ఔననలేదు, కాదనలేదు. పోయినవి రెండే, సామాన్యశాస్త్రమూ సాంఘికశాస్త్రమూ, జూన్‌లో మళ్లీ పరీక్ష పెడతారని నేను గొణిగాను. రాసుకో, వాళ్లు వచ్చేదాకా ఖాళీగానే ఉంటావు కదా అంది అవ్వ.

మర్నాటి నుంచి ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం. వంగొద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు, ఎండలోకి రావద్దు అని డాక్టరు చెప్పి పంపాడు. పుట్టినకాడినుంచి కాలు ఒకచోట పెట్టని మనిషికి అది జైలే. నులకమంచం మీద కూర్చుని కాసేపు ప్రార్థన చేసుకునేది, కాసేపు విసుక్కునేది. నేను దర్వాజాకు ఆనుకుని గైడు తెరిచేదాన్ని. నా చదువు ఎట్లా ఉండేదంటే, ముందుకూ వెనక్కూ ఊగుతూ పేజీ మొత్తం ఒకే ఊపులో గట్టిగా చదివేయడం, అయిపోగానే మళ్లీ మొదటినుంచి అందుకోవడం. మా గల్లీలో అందరికంటే పెద్దగొంతు నాదే. గిడియోన్ బిడ్డ మస్తు చదువుతదని అందరూ అనుకునేవారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

రెండోరోజో మూడోరోజో అవ్వకు ఓపిక నశించింది.

"ఏందే గది? సదువుతున్నవా, ఎవలనన్న తిడుతున్నవా?"

పాఠం చదువుతున్నానని చెప్పాను. దాంట్లో ఏముందని అడిగింది. నేను మళ్లీ గొంతెత్తి, హృదయము కండరయుతమైన అవయవము, ఇది ఉరఃకుహరములో అమరియుండును అని అందుకున్నాను.

"పుస్తకం చెప్పింది ఇన్న. ఇగ నువ్వు చెప్పు."

పుస్తకం మూశాను. హృదయము కండరయుతమైన అవయవము అన్నాను. ఆ తర్వాత ఏమీ లేదు. ఎదురుగా తెల్లగోడ నిలబడ్డట్టయింది. మార్చిలో పరీక్ష హాల్లో కూడా అచ్చం ఇట్లాగే అయింది. అప్పుడు భయం వల్ల మరిచిపోయాననుకున్నాను. ఇప్పుడు ఎదురుగా ఉన్నది మా అవ్వ. ఆమెకు నేనేం భయపడను. అంటే నాకు రానే రాదన్నమాట. ఏడాదంతా చదివింది నా గొంతే తప్ప నేను కాదు.

ఉరఃకుహరం అంటే ఏమిటని అవ్వ మళ్లీ అడిగింది. దానికి పుస్తకంలో కూడా జవాబు లేదు. బొమ్మ చూసి, అటూ ఇటూ తిప్పి, రొమ్ము లోపల ఉండే ఖాళీ అని చివరికి నాకు నేనే తేల్చుకుని చెప్పాను. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా అంది అవ్వ.

ఆ రోజంతా కలిపి నేను చదివింది ఒక్క పేరా. నాలుగు ముక్కలు చదవడం, పుస్తకం మూయడం, అవ్వకు మా ఇంటి మాటల్లో చెప్పడం. ఆమెకు తెలియకపోతే మళ్లీ తెరవడం. సాయంత్రం బాసన్లు తోముతుంటే ఆ పేరా దానంతటదే తలలోకి వచ్చింది. పిలవకుండానే వచ్చింది. చేతికి బూడిద అట్లాగే ఉండగా నిలబడిపోయాను. నవ్వొచ్చింది. ఒక్కదాన్నే చాలాసేపు నవ్వాను.

తెల్లారి చాయ్ తాగకముందే అవ్వ నిన్నటిది ముందు చెప్పమంది. నిన్నటిది లేకుంటే ఇయ్యాల్టిది అతుక్కోదట. వచ్చేసిందనుకున్న పాఠంలో సగం రాత్రికి రాత్రే ఎగిరిపోయింది. ఎగిరిన సగాన్ని వెతికి పట్టుకున్నాక కొత్తది మొదలుపెట్టాం. ఆదివారం చర్చి నుంచి రాగానే వారంలో చెప్పినవన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పించుకుంది. విని విని అలిసిపోతే చాలు ఆపు అనేది. మంచం పట్టెకు తల ఆనించి కాసేపు కూర్చుని, తర్వాత ఆమే పిలిచేది. నాకు ఆశ్చర్యం ఏమిటంటే, రోజూ కొంచెం ముందుగా పిలవసాగింది.

ఒకరోజు చిక్కుపడ్డాం. సిరల్లో చెడు రక్తం, ధమనుల్లో మంచి రక్తం ఉంటుందని చెప్పి ఉన్నాను. రెండు రోజుల తర్వాత, ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తాన్ని పుపుస సిర తెస్తుందని చెప్పాను. అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"సిరల్ల చెడు నెత్తురుంటదని మొన్న నువ్వే అంటివి. ఇయ్యాల గీ సిర మంచిది తెస్తదంటున్నవ్. ఏది నిజం?"

గైడు తిరగేశాను. రెండు ముక్కలూ రెండు పేజీల్లో నిక్షేపంగా ఉన్నాయి. నేను రెండింటినీ వందసార్లు చదివాను. ఆ రెండూ కొట్టుకుంటున్నాయని ఒక్కసారైనా తట్టలేదు.

నాయిన సాయంత్రం వచ్చాక చెబితే, వాళ్ల సూపర్‌వైజరు జయకృష్ణ సారు భార్య సైన్సు చదివిందట, పోయి అడగమన్నాడు. వాళ్లది తెనాలి. గుండ్లపోచంపల్లిలో కొత్తగా లేచిన కాలనీలో ఉంటారు. తెల్లారే పాత లేడీస్ సైకిలు మీద పట్టాల పక్క బాట పట్టి పోయాను. లలితకుమారి మేడం గేటు దగ్గరే నిలబెట్టి ఏం కావాలని అడిగింది. నేను రొప్పుతూ ప్రశ్న అప్పజెప్పాను. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, లోపలికి రమ్మని ఫ్యాను వేసి కూర్చోబెట్టింది.

గుండెలోంచి బయటికి తీసుకుపోయేది ధమని, గుండెకు తీసుకొచ్చేది సిర, పేరు పోయే దిక్కును బట్టే గానీ రక్తాన్ని బట్టి కాదు అని ఒక్క మాటలో విప్పి చెప్పింది. తర్వాత నా వైపు వంగి అడిగింది.

"నిజం చెప్పమ్మా, ఈ ప్రశ్న నీదేనా?"

"మా అవ్వది, మేడం."

"ఆవిడేం చదివారు?"

ఏమీ చదవలేదని చెప్పాను. మేడం నవ్వలేదు. రేపు ఏం అడుగుతారో అది కూడా పట్టుకురా అంది. ఆ మాట పట్టుకుని ఎండలో ఎంత జోరుగా తొక్కానో, రైల్వే గేటు పడి ఉన్నచోట గూడ్సుబండి పోయేదాకా ఆగడం కూడా నాకు చేతకాలేదు. ఈ జవాబు అవ్వకు చెప్పినప్పుడు ఆమె ముఖం ఎట్లా ఉంటుందో చూడాలన్నదే తొందర. ఆ నెలంతా నాకు అదే తొందర. పాఠం అంటే వణికే నేను, పాఠం చెప్పడానికి పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని.

రక్తం తిరిగే దారి మాత్రం మాటలతో అవ్వకు ఎక్కలేదు. పైన రెండు అర్రలు, కింద రెండు అర్రలు అంటే సరే అంది గానీ, ఎటునుంచి ఎటు పోతుందో సమజ్ కాలేదంది. సాయంత్రం ఎండ తగ్గాక పొయ్యిలో బూడిద తెచ్చి వాకిలి నిండా నాలుగు గదులు గీశాను. అవ్వ మంచం వాటి నడుమ వేశాను. ఆమె కవాటం. వెనక్కి తిరిగి రానియ్యకపోవడం ఆమె పని. అప్పుడే తోట నుంచి అమ్మ వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా కూడా కింద పెట్టనియ్యకుండా, నువ్వు నెత్తురువు, నీళ్లతొట్టి ఒళ్లు అనుకో, అక్కడినుంచి బయలుదేరు అన్నాను. నాయిన బండికి స్టాండు వేస్తున్నాడు. చెయ్యి పట్టి లాక్కుపోయి గోడ దగ్గర నిలబెట్టి, గుప్పెడు మామిడాకులు ఇచ్చాను. నువ్వు ఊపిరితిత్తులు, ఆకు మంచిగాలి, అమ్మ వచ్చినప్పుడల్లా ఒకటి ఇవ్వాలి అన్నాను.

అమ్మ కుడి పై గదిలోకి వచ్చి, కింది గదిలోకి దిగి, నాయిన దగ్గరికి పోయి ఆకు తీసుకుని, ఎడమ పై గదిలోకి వచ్చి, కింది గదిలోంచి తొట్టి దగ్గరికి పోయి ఆకు పడేసింది. మళ్లీ మొదలు. ఒకసారి అలవాటున దగ్గరి దారి పట్టబోతే, అడుగుల చప్పుడును బట్టి కనిపెట్టి, గటు బందున్నదని అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. నాయిన పనిబట్టల మీదనే, బడిపిల్లాడిలా చెయ్యి చాపి నిలబడ్డాడు. పక్కింటివాళ్లు గోడ మీదుగా తొంగిచూసి, ఏమీ అర్థంకాక అట్లాగే చూస్తూ ఉండిపోయారు.

"నెత్తురుకు ఆయాసమస్తాంది, జర ఆపుండ్రి," అంది అమ్మ. నవ్వలేక తొట్టి గట్టు మీద కూలబడింది.

ఆ పూట అన్నాలు తింటూ అమ్మ ముద్ద మధ్యలో ఆగింది. తను పడుకున్నా, తోటలో కొమ్మలు కత్తిరిస్తున్నా లోపల ఇదంతా తిరుగుతూనే ఉంటుందా అని అడిగింది. ఉంటుందన్నాను. ఎడమచెయ్యి రొమ్ము మీద పెట్టుకుని చూసుకుంది. నా పుస్తకంలో ఏముందో అమ్మ అడగడం అదే మొదలు.

సైన్సు ఒక కొలిక్కి వచ్చాక సాంఘికంలోకి దిగాం. అందులో మొదటి ప్రపంచయుద్ధం. గైడులో కారణాలు ఒకటి, రెండు, మూడు అని ఉంటాయి. అవ్వకు అట్లా చెబితే సాగదు. ఎవరు ఎవరిని కొట్టారో, ఎందుకు కొట్టారో, వాళ్లకు చుట్టరికం ఏమిటో కావాలి. ఆస్ట్రియా రాజు తర్వాత గద్దె ఎక్కవలసినవాణ్ని కాల్చి చంపారంటే, వాడు రాజుకు కొడుకా అని అడిగింది. తమ్ముడి కొడుకని మేడంను అడిగి వచ్చి చెప్పాను. మరి సొంత కొడుకు ఏమయ్యాడంది. మళ్లీ సైకిలెక్కాను. మేడంకూ తెలియలేదు. జయకృష్ణ సారు ఎక్కడో పుస్తకం సంపాదించి చూసి, అతను అంతకుముందే తనను తాను కాల్చుకుని చనిపోయాడని చెప్పి పంపాడు. ముక్కూ మొహం తెలియని ఆ పిల్లగాడి కోసం అవ్వ ఆ రోజు ఇంకో పాఠం వద్దంది.

కట్టు విప్పి నల్లద్దాలు పెట్టిన వారానికి, ఒక ఆదివారం మధ్యాహ్నం షామీర్‌పేట నుంచి లచ్చయ్య తాత వచ్చాడు. పిల్లగాడి తండ్రి కూడా వెంట ఉన్నాడు. నేను అవ్వ కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. యుద్ధం మూడో ఏట, అమెరికా దిగడం దగ్గర ఉన్నాం. వాళ్లను చూడగానే పుస్తకం ఒళ్లోంచి జారింది. నెల రోజుల ఉత్సాహంలో షామీర్‌పేట సంగతే మరిచిపోయాను. లేచి లోపలి అర్రలోకి పోయి తలుపు వెనక నిలబడ్డాను.

అమ్మ నీళ్లిచ్చింది. యోగక్షేమాలయ్యాక తాత అసలు మాటకు వచ్చాడు. షాపు మంచిగా నడుస్తోంది, పిల్లకు ఎట్లాగూ చదువు అబ్బలేదు, మంచిరోజు చూసి పూలూ పండ్లూ పెట్టుకుందాం అన్నాడు. కబురు పంపింది నువ్వే కదా అక్కా అని గుర్తుచేశాడు.

అవ్వ ఏమంటుందోనని నేను తలుపు సందుకు చెవి ఆనించాను. ఆమె మాట ఎట్లా ఉంటే మా ఇల్లు అట్లా నడుస్తుంది. మంచం నులక సవరించుకుంటున్న చప్పుడు వినిపించింది.

"పంపిన మాట నిజమే తమ్మీ. గని మేం ఇప్పుడు యుద్ధం నడుమల ఉన్నం."

ఏం యుద్ధమని తాత కంగారుగా అడిగాడు. అదొక పెద్ద కథ, అది ఒడిసి ముగింపుకు రావాలి, ఒడిసినంక ఇంకోటి ఉన్నదట అని అవ్వ చెప్పింది. పోనీ ఒడిసినాకే మాట్లాడుకుందాం, ఎప్పుడు ఒడుస్తుందన్నాడు తాత. అవ్వ నన్ను పిలిచింది. తలుపు పట్టుకుని బయటికి వచ్చాను.

"ఇంకెన్నేండ్లున్నదే సదువు?"

అంతవరకు జూన్ పరీక్ష దాటి నేనేమీ ఆలోచించలేదు. అయినా మాట తడబడకుండా వచ్చింది.

"ఇంటరు రెండేండ్లు. డిగ్రీ మూడేండ్లు."

"ఇన్నవు గదా," అంది అవ్వ తమ్ముడితో. "అందాంక పిల్లగాన్ని ఆపకుండ్రి. మంచి సంబంధం చూసుకోండ్రి."

తాత నాయిన వైపు తిరిగి, నువ్వేమంటావు అల్లుడా అన్నాడు. ఏ మాటకూ ఔననని, కాదనని మా నాయిన తల ఎత్తాడు.

"మా అవ్వ చెప్పింది గదా మామా."

కోపాలేమీ రాలేదు. చాయ్ తాగి, అవ్వ కంటి సంగతి అడిగి, ఎండ చల్లబడ్డాక వెళ్లిపోయారు. బండి చప్పుడు వినిపించనంత దూరం పోయాక అవ్వ నా వైపు తిరిగింది. అమెరికావాళ్లు ఎందుకు దిగారో చెప్పమంది. నేను చెప్పాను. ఒక్క ముక్క తప్పిపోలేదు.

పరీక్షకు రెండు రోజుల ముందు లలితకుమారి మేడం జయకృష్ణ సారు స్కూటరు మీద మా ఇంటికి వచ్చింది. ఆ ప్రశ్నలు అడిగే మనిషిని చూడాలని వచ్చానంది. ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుని, నన్ను నడిమధ్య నిలబెట్టి, ఎక్కడెక్కడినుంచో అడిగారు. వరుసగా కాదు, యుద్ధంలోంచి మూత్రపిండంలోకి, అక్కడినుంచి నల్లరేగడి నేలలోకి. జవాబు రానిచోట మేడం చెప్పబోతే, అవ్వ ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది. దానికే యాదికొస్తది, ఆగమంది. వచ్చింది కూడా.

మేడ్చల్‌లో సెంటరు. పొద్దున్నే మొదటి వాన కురిసి మట్టివాసన లేచింది. సైన్సు పేపరు చేతికి రాగానే తిప్పి చూశాను. పుపుస సిరకూ మిగతా సిరలకూ భేదం రాయమని మూడో ప్రశ్న. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, నాలుగు అర్రల్లోనూ తలుపులు దడదడలాడినట్టనిపించింది. రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. పెదాలు కూడా కదులుతున్నట్టున్నాయి. హాల్లో తిరుగుతున్న సారు దగ్గరికి వచ్చి, ఎవరితో మాట్లాడుతున్నావని మెల్లగా అడిగాడు. ఎవరితో కాదు సార్ అని తల దించుకున్నాను. అదనపు కాగితాలు అడిగి తీసుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

జూలైలో ఫలితాలు వచ్చాయి. ఈసారి పేపరు నేనే తెచ్చాను, నా నంబరు దానికదే కళ్లబడింది. సైకిలు గోడకు విసిరేసి లోపలికి ఉరికాను. అమ్మ చెంగుతో ముఖం కప్పుకుంది. నాయిన పేపరును మడిచి, విప్పి, మళ్లీ మడిచి జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి పోయాడు, అక్కడ అందరికీ చూపించాడని తర్వాత తెలిసింది. అవ్వ మాత్రం నా రెండు చెంపలనూ పచ్చజొన్న రొట్టె వాసన వేసే చల్లటి చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. ఆ నెలలోనే మేడ్చల్ కాలేజీలో ఇంటరు బైపీసీలో చేరాను.

దసరా సెలవుల ముందు ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి వాకిట్లో ఎవరివో చెప్పులున్నాయి. మా వెనక గల్లీ దుర్గాబాయి, పదో తరగతి చదివే తన బిడ్డ నవ్యశ్రీని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లకు మూడునెలల పరీక్షలో సాంఘికం పోయిందట. మీ రోజీని విన్నట్టే మా పిల్లను కూడా జర విను పెద్దమ్మా అని అవ్వను బతిమాలుతోంది. నేను దర్వాజా దగ్గరే ఆగిపోయాను.

పిల్ల ఒళ్లో పుస్తకం తెరిచి ఉంది. రుతుపవనాల పాఠం. ఆ పాఠం జూన్‌లో అవ్వకు మూడుసార్లు చెప్పాను. ఆమె దాన్ని పాలవాడికి చెప్పింది, చర్చిలో పక్కన కూర్చున్న ఆడవాళ్లకు చెప్పింది, మబ్బు పట్టిన ప్రతిసారీ నాయినకు చెప్పింది. ఎండకు నేల ఎందుకు ముందు వేడెక్కుతుందో, సముద్రం మీది గాలి ఎందుకు ఇటు మళ్లుతుందో, ఏ కొండకు తగిలి కురుస్తుందో ఆమెకు నాకంటే బాగా వచ్చు.

నవ్యశ్రీ ఊగుతూ చదవబోయింది. అవ్వ చెయ్యి చాపి పుస్తకం మూసింది. నన్ను చూసి కూడా చూడనట్టే, ఆ పిల్ల వైపు ఒంగి, చిన్నపిల్లలా కళ్లు పెద్దవి చేసుకుని అడిగింది.

"నాకేం ఎర్కలేదు బిడ్డా. గీ వాన యాడికెల్లి అస్తది?"